నాలుగేళ్లు వాడాక మా 12 ఇంచుల మైటర్ సా: ముందు ఆ నీడ గీత సంగతి చెప్పాలి

మైటర్ సా, అంటే కర్రను కావాల్సిన కోణంలో అడ్డంగా కోసే మిషన్, కొనేటప్పుడు అందరూ అడిగే వాట్లు, స్పీడు, బ్లేడు సైజు డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటిని నేను మళ్లీ రాయను. నాకు చెప్పాలని ఉన్నది దాంట్లో ఉన్న ఒక్క లైటు గురించి. 2021లో దసరాకు నాలుగు రోజుల ముందు కొన్నాం. బ్లేడు ముందుకు వెనక్కి జరిగే 12 ఇంచుల స్లైడింగ్ మిషన్, పేరున్న కంపెనీదే, ఇంకో బ్లేడు కూడా తీసుకుంటే 60 వేలు దాటింది. ఆయుధ పూజ నాడు బాపు రంపాలు, ఉలులతో పాటు దానికీ బొట్టు పెట్టాడు, కానీ దాని మీద చెయ్యి మాత్రం సంక్రాంతి దాకా వెయ్యలేదు.

మాది హన్మకొండలో ములుగు రోడ్డు వైపు చిన్న రేకుల షెడ్డు. దర్వాజలు, కిటికీలు, వాటి చుట్టూ కొట్టే టేకు పట్టీలు, పూజ గది తలుపులు, ఇవే మా పని. అంతకుముందు వాడిన 10 ఇంచుల మిషన్‌కు లేజర్ ఉండేది. కొన్న కొత్తలో ఎర్ర గీత చూసి సంతోషపడ్డాం, ఆరు నెలలకు అది బ్లేడు కోసే చోటుకు ఒక మిల్లీమీటరు పక్కన పడటం మొదలైంది. సరిచేసుకుంటే మళ్లీ జరిగేది. బ్లేడు మారిస్తే మళ్లీ మొదటికే. ఎండ ఉన్న పూట అసలు కనిపించేదే కాదు. చివరికి దాన్ని ఆపేసి, కంటితోనే చూసి కోసేవాళ్లం.

కొత్తదాంట్లో లేజర్ లేదు. బ్లేడు వెనక పైన చిన్న ఎల్‌ఈడీ ఉంది, అంతే. బ్లేడును కర్ర దగ్గరికి దించితే ఆ వెలుగులో బ్లేడు నీడ కర్ర మీద పడుతుంది. నీడ ఎంత వెడల్పు ఉంటే అంతే పోతుంది కర్ర, ఎడమ అంచు ఇక్కడ, కుడి అంచు ఇక్కడ అని రెండూ కనిపిస్తాయి. పడేది బ్లేడు సొంత నీడే కాబట్టి అది పక్కకు జరగడం అనేది ఉండదు. 60 పళ్ల బ్లేడు తీసి 80 పళ్లది వేసినా, సాన పట్టించుకొచ్చి బిగించినా, మందం తేడా ఉన్నా, మనం ముట్టుకోవాల్సింది ఏమీ లేదు. పెన్సిల్ గుర్తులో సగం ఉంచి సగం తీసేయాలి అనుకుంటే అలాగే పోతుంది. దీన్ని మొదటిసారి చూసిన రోజు నేను పనికిరాని ముక్కలన్నీ ఏరుకొచ్చి చీకటి పడేదాకా కోస్తూ కూర్చున్నాను.

అసలు సంతోషం బాపు విషయంలో కలిగింది. ఆయనకు అరవై దాటాయి, కంటి ఆపరేషన్ అయింది, అద్దాలు పెట్టుకున్నా సన్న గీత సరిగ్గా ఆనదు, అందుకే రెండేళ్లుగా కొలిచి గుర్తు పెట్టే పని నాకే వదిలేశాడు. సంక్రాంతి తర్వాత ఒక రోజు నేను కర్ర డిపోకు వెళ్లి వచ్చేసరికి తనే మిషన్ ముందు నిలబడి కిటికీ బీడింగ్ కోస్తున్నాడు. ఎనిమిది ముక్కలూ జోడించి చూస్తే వెంట్రుక సందు లేదు. "నీడ మంచిగ కనవడుతుంది బిడ్డా" అన్నాడు, ఇంకేం మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఆ మిషన్ ఆయనదే అన్నట్టు ఉంటాడు. నేను ఎవరు అడిగినా, అడగకపోయినా, లైటు ఉన్నదే తీసుకోండి అని చెప్పడం అప్పుడే మొదలుపెట్టాను. నా మాట మీద ముగ్గురు కొన్నారు కూడా. వాళ్లకు అప్పట్లో చెప్పనివి కొన్ని ఉన్నాయి.

మే నెలలో సైటు దగ్గర ఆరుబయట పెట్టి కోస్తే నీడ కూడా కనిపించదు, పైన పరదా కట్టుకోవాల్సిందే. టేకు మీద, వేప మీద చక్కగా పడుతుంది, జిట్రేగి లాంటి నల్ల కర్ర మీద, ముదురు రంగు సన్‌మైకా మీద వెతుక్కోవాలి. లైటు అద్దం మీద పొట్టు పేరుకుంటే గీత మసకబారుతుంది, పాత బనియన్ గుడ్డతో రోజూ తుడవాలి. నీడ సన్నగా, స్పష్టంగా రావాలంటే బ్లేడును కర్రకు దాదాపు ఆనించేంత కిందికి దించాలి, అప్పుడు బ్లేడు తిరగకూడదు, ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు. సరిచూసుకుని, పైకి లేపి, మిషన్ ఆన్ చేసి స్పీడు అందుకున్నాక దించాలి. కుర్రాళ్లకు ఇది అలవాటు చేయడానికి నాకు నెల పట్టింది.

ఇవన్నీ చిన్నవి. పెద్దది కిందటేడు నర్సంపేట దగ్గర ఒక ఇంట్లో జరిగింది.

ఆరు దర్వాజలకు మూడు ఇంచుల టేకు పట్టీ కొట్టాలి, పట్టీ పొడుగునా గాడిలా రెండు గీతలు తీసి ఉన్నాయి. గృహప్రవేశానికి మూడు రోజులే ఉంది. మిషన్‌ను ట్రాలీ ఆటోలో తీసుకెళ్లాం. 25 కిలోల బరువు, నేను ఇంటాయనతో మాట్లాడుతుంటే కుర్రాళ్లే దించి పెట్టారు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ఆరు దర్వాజల పట్టీలూ కోసేశాను, అంత తొందరగా అయింది ఆ లైటు వల్లే. పట్టీ అంచున చిన్న పెన్సిల్ గుర్తు, దాని మీదికి నీడ, కోత. ఒక్క ముక్కా పొడుగు తప్పలేదు.

మొదటి దర్వాజకు కొడుతుంటే ఎడమ మూల చూశాను. జాయింట్‌లో సందు లేదు. గునియా (మూలమట్టం) పెట్టి చూస్తే సరిగ్గా 90 డిగ్రీలు. కానీ అడ్డం పట్టీ బయటి అంచు నిలువు పట్టీ కన్నా దాదాపు 2 మి.మీ. బయటికి వచ్చింది, ఈ పట్టీ గీత ఆ పట్టీ గీతను కలవలేదు. పట్టీల వెడల్పులో తేడా ఉందేమో అని కొలిచాను, లేదు. కుడి మూలకు వెళ్తే అక్కడా సందు లేదు, అక్కడా 90, అక్కడ మాత్రం నిలువు పట్టీ బయటికి వచ్చింది. నాకు ఏమీ అర్థం కాలేదు. సందు ఉంటే కోత తప్పు అనుకుంటాం, ఏ సందూ లేకుండా గీతలు కలవకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత టేకు కోసి పెట్టాను, ముహూర్తం మీద పడింది, ఒకటే టెన్షన్.

ఫొటోలు చూసి బాపు తెల్లారి మొదటి బస్సుకే వచ్చాడు. రెండు మూలలూ చేత్తో తడిమి, "పట్టీల తేడా ఉంటే రెండు దిక్కుల అదే పట్టీ బయటికి రావాలె గద. ఒక దిక్కు అడ్డంది, ఒక దిక్కు నిలువుది వచ్చింది. మిషనే ఒక పక్కకు తిరిగింది, జూడు" అన్నాడు.

అదే జరిగింది. ఎడమ వైపు 45 అనుకున్నది నిజంగా 45న్నర, కుడి వైపు 45 అనుకున్నది 44న్నర. మూలకు ఒక కోత ఎడమది, ఒకటి కుడిది కాబట్టి రెండూ కలిస్తే మళ్లీ 90 అవుతుంది, సందు రాదు. కానీ ఏటవాలు కోత ఒక ముక్కకు పొడుగు, ఇంకో ముక్కకు పొట్టి. మూడు ఇంచుల పట్టీకి అర డిగ్రీ తేడా అంటే ఆ రెండింటి మధ్య దాదాపు 2 మి.మీ. తేడా, నేను కొలిచింది అదే. గీతలు లేని సాదా పట్టీ అయి ఉంటే బయటి అంచును చిత్రిక పట్టి వదిలేసేవాళ్లం, ఎప్పటికీ తెలిసేది కాదు.

నిర్ధారణకు అడుగు వెడల్పు ప్లైవుడ్ ముక్కను, మిషన్ కోణం సున్నా దగ్గర పెట్టి, తిన్నగా కోశాం. ఒక సగాన్ని బోర్లా తిప్పి, రెండు సగాలనూ ఒకే తిన్నటి అంచుకు ఆనించి దగ్గరికి జరిపితే, ఒక చివర తగిలి ఇంకో చివర 5 మి.మీ. సందు. ఇలా తిప్పి పెడితే ఉన్న తప్పు రెట్టింపై కనిపిస్తుంది, అందుకే మామూలు గునియా కన్నా ఈ పద్ధతి మేలు. కారణం వెతికితే, ఆటోలోంచి దించేటప్పుడు కుర్రాడు కోణం తిప్పే పిడిని పట్టుకుని మొత్తం బరువు ఎత్తాడట. ఆ బరువుకు, ఒక్కో కోణం దగ్గర మిషన్ ఆగి నిలవడానికి గాట్లు ఉన్న రేకు, దాని స్క్రూల దగ్గర కొంచెం జరిగింది. ప్లగ్ తీసేసి, స్క్రూలు వదులు చేసి, పెద్ద గునియాను ఒక పక్క ఫెన్స్‌కు (కర్రను ఆనించే వెనక పట్టీకి), ఇంకో పక్క బ్లేడు ఒంటికి ఆనించి, పళ్లకు తగలకుండా చూసుకుని బిగించాం. మళ్లీ అదే ప్లైవుడ్ పరీక్ష చేస్తే సందు పోయింది. పెద్ద దర్వాజకు కోసిన అడ్డం పట్టీ పడక గదికి, పడక గదిది వంట గదికి అలా దింపుకుంటూ సర్దాం, నిలువు పట్టీలు కింద రెండు మూడు మి.మీ. తగ్గినా ఫరవాలేదు, పెద్ద దర్వాజకు, పూజ గదికి మాత్రం కొత్త టేకు కొన్నాం, మా ఖర్చుతోనే. ముహూర్తానికి ముందు రోజు రాత్రి పదకొండుకు పని అయింది.

ఇందులో లైటు తప్పు లేదు. బ్లేడు ఎక్కడ పడుతుందో అది నిజమే చెప్పింది. కానీ బాపు రంపంతో కోసే రోజుల్లో, తను టేకుతో చేసుకున్న 45 గునియా పెట్టి పట్టీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత గీసేవాడు. లైటు వచ్చాక నేను ఆ గీత మానేసి అంచున గుర్తు ఒక్కటే పెట్టడం మొదలుపెట్టాను. నిండు గీత ఉండి ఉంటే మొదటి ముక్క మీదే నీడ ఒక చివర గీత మీద, ఇంకో చివర మిల్లీమీటరు పక్కన కనిపించేది. ఇప్పుడు మిషన్ కదిలిన ప్రతిసారీ మొదటి ముక్క మీద అదే గునియాతో నిండు గీత గీస్తాను, నీడ దాని మీద పొడుగునా పడిందా లేదా చూస్తాను. పడితే ఇక మిగతావాటికి గుర్తు చాలు. మిషన్‌ను ఇద్దరు కింది పీఠం పట్టుకునే ఎత్తాలి, పిడి పట్టుకుంటే ఊరుకోను.

ఎవరికి ఏది అంటే, నా పని టేకు దర్వాజలు, పట్టీలు, పక్కన చూపు తగ్గిన మనిషి ఉన్నాడు కాబట్టి నాకు ఈ లైటు లేని మిషన్ వద్దు. ప్లైవుడ్ వార్డ్‌రోబ్‌లు మాత్రమే చేసేవాళ్లకు మైటర్ సా మీద ఇంత పెట్టాల్సిన అవసరమే కనిపించదు నాకు. బండి మీద సామాను వేసుకుని సైట్లకు తిరిగేవాళ్లకు ఈ 25 కిలోలు భారం, వాళ్లకు చిన్న 10 ఇంచులదే నయం. ఎన్ని కోణాల దగ్గర గాట్లు ఉన్నాయో చూసి కూడా మురిసిపోవద్దు, 31.6 దగ్గర ఉండే గాటు అమెరికా ఇళ్లలో గోడా సీలింగూ కలిసే చోట కొట్టే చెక్క కోసం, మన దగ్గర ఆ చోట పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) వేస్తారు, నాలుగేళ్లలో నేను దాన్ని ఒక్కసారీ వాడలేదు. బ్లేడు విషయంలో మాత్రం పొదుపు వద్దు, పళ్లు కొంచెం వెనక్కి వాలి ఉండే రకం తీసుకోండి, ముందుకు వాలినవి స్లైడింగ్‌లో కర్రను పట్టి లాగుతాయి.

నా మాట మీద కొన్న ముగ్గురికీ ఫోన్ చేసి ఆ స్క్రూల సంగతి చెప్పాను. జనగామలో ఉండే మా బామ్మర్ది ఇప్పుడు కొనాలని చూస్తున్నాడు, వచ్చే ఆదివారం షెడ్డుకు వస్తానన్నాడు. వచ్చేటప్పుడు గీతలు తీసిన పట్టీ నాలుగు ముక్కలు తెచ్చుకో, దాని మీదే కోసి చూద్దాం అన్నాను.