రాజమండ్రికి రెండు రోజులు ఇవ్వండి

మా రైలు కొవ్వూరు దాటేసరికి తెల్లవారుతోంది. బోగీలో సగం మంది నిద్ర లేచి తలుపుల దగ్గర చేరారు. ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని గోదావరిలోకి విసిరింది. చాలామందికి రాజమండ్రి అంటే పాపికొండలకు వెళ్లే ముందు ఒక రాత్రి పడుకునే ఊరు. ఇదివరకు మేమూ అంతే. ఈసారి ఈ ఊరి కోసమే రెండు రోజులు కేటాయించాం, మూడో రోజు బోటుకి.

గోదావరి కనిపిస్తుందన్నారని ఘాట్ వైపు రూమ్ తీసుకున్నాం. బాల్కనీలోంచి పక్కింటి నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ కనిపించలేదు. డబ్బు కట్టే ముందు రూమ్ చూపించమని అడగండి. అయినా ఘాట్ దగ్గరే దిగమంటాను. పొద్దున్నే నడిచి వెళ్లి గోదావరి స్నానం చేసి రావచ్చు.

పాపికొండల ప్రయాణం బాగుంది. లైఫ్ జాకెట్ వేసుకునేదాకా బోటు కదల్లేదు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన ఘోరం గుర్తున్నవాళ్లకి అది ఎంత ధైర్యమో! కానీ కొండలు దగ్గరపడి నది సన్నబడే చోట కూడా స్పీకర్లలో పాటలు మోగుతూనే ఉన్నాయి. తగ్గించమని అడిగితే పది నిమిషాలు తగ్గించారు. నా యాత్ర మొత్తంలో నీళ్ల చప్పుడు విన్నది ఆ పది నిమిషాలే.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం దామెర్ల రామారావు చిత్రశాల. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్‌కి పంపించాడు. 1925లో, 28 ఏళ్లయినా నిండకుండానే రామారావు పోయాడు. ఆయన గీసిన ఆడవాళ్ల చీర మడతలు, మెడ వంపులు దగ్గరగా చూడండి, ఎంత సన్నటి గీతలో! మేమున్న గంటన్నరలో ఇంకెవరూ రాలేదు. చాలా బాధేసింది. 1881లో తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారి ఇల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది. పిల్లలుంటే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూపించండి. 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాకి అన్నం ఎలా పెట్టిందో అక్కడ తెలుస్తుంది.

తిండికి లోటు లేదు. పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి, మధ్యాహ్నం పనసపొట్టు కూర, ఎండ తగ్గాక చల్లటి రోజ్ మిల్క్. ఇంటికి ఆత్రేయపురం పూతరేకులు.

చివరి సాయంత్రం పుష్కర్ ఘాట్‌లో హారతి చూసి, జనం వెళ్లిపోయాక కూడా మెట్ల మీదే కూర్చున్నాం. 1997 నుంచి రైళ్లు నడవని పాత హేవలాక్ వంతెన చీకట్లో నల్లగా కనిపిస్తోంది. పక్కన ఆర్చి వంతెన మీద రైలు వెళ్తుంటే మా అమ్మ లేచి నిలబడి దణ్ణం పెట్టుకుంది.