ఎత్తయిన గుమ్మటానికి ఏది మేలు: రోమ్ పద్ధతా, లండన్ పద్ధతా?

గుమ్మటం ఊరంతటికీ కనబడాలి. కానీ లోపల నిలబడి తలెత్తితే చీకటి గొట్టంలా ఉండకూడదు. 18వ శతాబ్దం మొదట్లో గుమ్మటం కట్టబోయే ప్రతి స్థపతికీ ఇదే చిక్కు.

రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి పాత దారికి నమూనా. 1590లో ముగిసిన ఈ గుమ్మటానికి రెండు ఇటుక పొరలు, వాటిని కలిపే 16 పక్కటెముకలు, సుమారు 42 మీటర్ల లోపలి వ్యాసం. అంత బరువు అడుగు అంచును బయటికి నెడుతుంది. లోపల పెట్టిన ఇనుప పట్టీలు చాలక నిలువునా బీటలు వారింది. 1740లలో పొలేని అనే ఇటలీ గణితజ్ఞుడి సలహాతో ముందు ఐదు, తర్వాత ఇంకొకటి కొత్త పట్టీలు బిగించాల్సి వచ్చింది.

లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో స్థపతి క్రిస్టఫర్ రెన్ 1710 నాటికి పని విడగొట్టేశాడు. లోపలివాళ్ల కోసం ఒక ఇటుక గుమ్మటం. బయటివాళ్ల కోసం కలప చట్రం మీద సీసపు రేకులు. రెంటి నడుమ ఎవరికీ కనబడని ఇటుక శంకువు. మందం 18 అంగుళాలే, పైన మోసేది మాత్రం సుమారు 850 టన్నుల రాతి శిఖరం!

శంకువే ఎందుకో ఇంట్లోనే చూడొచ్చు. గొలుసు రెండు కొసలూ పట్టుకుని వేలాడదీయండి, ఒంపు తిరుగుతుంది. నడిమధ్యన తాళంకప్ప తగిలిస్తే రెండు పక్కలూ దాదాపు తిన్నగా సాగుతాయి. దాన్ని తలకిందులు చేస్తే రెన్ శంకువే. ఈ సూత్రం అతని మిత్రుడు, శాస్త్రవేత్త రాబర్ట్ హుక్‌ది. బయటి పొర విషయంలో లండన్ ఒంటరి కాదు: పారిస్ ఇన్వాలిడ్స్ చర్చి (1706) గుమ్మటం పైకప్పూ కలప, సీసాలదే.

లండన్‌కీ లోపాలున్నాయి. శంకువు అడుగున రాతిలో గాడి చెక్కి, ఇనుప గొలుసు దించి, సీసం పోశారు. 1920లలో అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు గొలుసు వేయాల్సి వచ్చింది. కింది ఎనిమిది స్తంభాలకు బయట నునుపు రాయి, లోపల రాళ్ల ముక్కలూ సున్నమూ. లోపలి నింపుడు కుంగితే బరువంతా బయటి రాయి మీద పడి అది పగులుతుంది. అందుకే సిమెంటు పాలు ఎక్కించారు.

పునాది మీద అనుమానముంటే నా ఓటు తేలికైన లండన్‌ పద్ధతికే. నిప్పు భయముంటే మాత్రం రోమ్ ఇటుకే. 1940 డిసెంబరు 29 రాత్రి సెయింట్ పాల్స్ సీసంలో ఒక నిప్పు బాంబు గుచ్చుకుంది. సీసం కరగడం మొదలైంది. బాంబు బయటి వైపుకి జారిపడింది కాబట్టి సరిపోయింది. లోపలికి పడి ఉంటే కింద ఉన్నది ఎండు కలప.