పాంక్రియాస్ క్యాన్సర్: మామూలు కీమోనా, క్లినికల్ ట్రయలా?

మా మామయ్యకి పాంక్రియాస్ క్యాన్సర్ అనీ, అప్పటికే లివర్‌కి పాకిందనీ తేలిన వారంలోనే ఇంట్లో తలోమాట మొదలైంది. డాక్టరుగారు చెప్పిన కీమో వెంటనే మొదలుపెట్టేద్దామని అత్తయ్య. కొత్త మందేదో ట్రయల్లో ఉందట, అందులో చేరుద్దామని బావ. మనిషి మీద ప్రయోగాలేంటని మా పెద్దమ్మ. ముగ్గురి టెన్షన్లోనూ న్యాయం ఉంది.

మామూలు కీమోలో ఏం ఆశించవచ్చో ముందే కొంత తెలుసు. పాకిన దశలో ఉన్న 342 మందిపై ఫ్రాన్స్‌లో జరిగిన ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. ఫోల్‌ఫిరినాక్స్ అనే నాలుగు మందుల కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 11.1 నెలలు దాటి బతికారు. జెమ్‌సిటబిన్ అనే కీమో మందు ఒక్కటే తీసుకున్నవాళ్లకి ఆ లెక్క 6.8 నెలలు. జెమ్‌సిటబిన్‌కి నాబ్-పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు కలిపితే 8.5 నెలలని 2013లో ఇంకో ట్రయల్ చూపించింది. ఫోల్‌ఫిరినాక్స్ ఒంటికి బాగా బరువు: తెల్లకణాలు పడిపోతాయి, విరేచనాలు, విపరీతమైన నీరసం. అందుకే వయసు, ఓపిక చూసి ఇస్తారు. అంకెలు చిన్నవే, కానీ నమ్మదగ్గవి. ట్రయళ్లలో చేరినవాళ్ల వల్లే అవి మన చేతికొచ్చాయి.

ట్రయల్ అనగానే కొత్త మందు అంటే మెరుగైన మందే అనుకుంటాం. పెగ్‌పీహెచ్20 కథ తెలిశాక నేనలా అనుకోవడం మానేశాను. ఈ క్యాన్సర్ గడ్డ చుట్టూ మందంగా ఒక పొర పేరుకుని కీమోని లోపలికి పోనివ్వదు. ఆ పొరని కరిగించే ఎంజైమ్ ఇది. వినడానికి ఎంత సబబుగా ఉంది! అమెరికాలో దీన్ని ఫోల్‌ఫిరినాక్స్‌కి కలిపి ఇస్తే, సగం మంది బతికిన కాలం 7.7 నెలలకి పడిపోయింది. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లకి 14.4 నెలలు. ఆ ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. ట్రయల్ నడుస్తుండగానే ఫలితాల మీద ఓ కన్నేసి ఉంచబట్టే అలా ఆపగలిగారు.

అన్ని ట్రయళ్లూ ఒకటి కావు. ఫేజ్ 1లో చూసేది ముఖ్యంగా ఎంత డోసు ఒళ్లు తట్టుకుంటుందన్నది. మామూలు కీమో తట్టుకోగల మనిషిని మొదటి మందుగానే అందులో చేర్చడం నాకు సరిగ్గా అనిపించదు. కీమోలు పనిచేయడం మానేశాక అదే ఆలోచించదగ్గ దారి. ఫేజ్ 3 వేరు: ఎవరికి ఏ మందో కంప్యూటర్ చీటీ తీస్తుంది, కొత్త మందు రానివాళ్లకి సాధారణంగా మంచి కీమోయే అందుతుంది. ఉత్త సెలైన్ ఎక్కించి వదిలేస్తారన్న భయం చాలామందికి ఉంటుంది. ఎక్కువగా ఉత్తుత్తి మందు కూడా కీమోతో కలిపే ఇస్తారు. అయినా "కొత్త మందు రాకపోతే మాకేమిస్తారు?" అని సూటిగా అడగండి. జవాబు బాగుండి, ఆసుపత్రి రాకపోకలకి వీలైన దూరంలో ఉంటే నా ఓటు ఫేజ్ 3కే.

ఖర్చు దగ్గర జాగ్రత్త. మన దేశంలో 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా బయటికి వచ్చేయవచ్చు. స్కాన్లు, ప్రయాణాలు ఎవరి ఖర్చో మాత్రం సంతకానికి ముందే కాగితం మీద చూడండి. సంతకం పెట్టే పత్రం తెలుగులో కావాలని అడగండి. సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయళ్ల ప్రభుత్వ జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు చెప్పకుండా, లక్షలు కట్టమని "ట్రయల్" అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

అన్నిటికన్నా మాకు ఆలస్యంగా తెలిసింది వేళ సంగతి. మొదటి వరస ట్రయళ్లు చాలావరకు అప్పటిదాకా కీమో పడనివాళ్లనే తీసుకుంటాయి. కీమో ఒక్క విడత ఎక్కించాక అడిగితే తలుపు మూసుకున్నట్టే. కామెర్లు ఉన్నా చేర్చుకోరు, పిత్తనాళంలో స్టెంట్ (సన్నని గొట్టం) వేసి, రక్తంలో బిలిరుబిన్ (కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) దిగేదాకా ఆగాలి. అలాగని ట్రయల్ కోసం నెల రోజులు ఊరికే కూర్చోవడమూ ప్రమాదమే, ఈ జబ్బు ఆగదు. రెండు వారాల్లో చేర్చుకుంటారో లేదో తేలకపోతే కీమో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. బీఆర్‌సీఏ లాంటి జన్యు పరీక్షకి మాత్రం మొదటి రోజే రక్తం ఇవ్వండి. ఏ కీమో నప్పుతుందో, ఏ ట్రయల్ సరిపోతుందో చెప్పడానికి అది రెండు వైపులా పనికొస్తుంది.

మామయ్యకి స్టెంట్ వేశాక బిలిరుబిన్ దిగడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోపు ట్రయల్లో ఖాళీలు నిండిపోయాయి. జెమ్‌సిటబిన్, నాబ్-పాక్లిటాక్సెల్ మొదలుపెట్టారు. ఇది పనిచేయకపోతే తర్వాత ఏ ట్రయల్ ఉందో అడగాలని అత్తయ్య ఫైలు అట్ట మీద రాసి పెట్టుకుంది. ప్రతి స్కాన్‌కీ ఆ ఫైలు పట్టుకెళ్తోంది.