కొత్త ఈఫిట్: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

టోకమాక్‌లో (వేడి ప్లాస్మాని అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే ఫ్యూజన్ యంత్రం) ప్లాస్మా మధ్యకి ప్రోబు పెట్టలేం, కరిగిపోతుంది. అందుకే గోడల దగ్గరున్న అయస్కాంత ప్రోబులు, ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) లూపుల కొలతలు తీసుకుని, ప్లాస్మా పీడనానికీ అయస్కాంత బలానికీ మధ్య సమతుల్యాన్ని చెప్పే గ్రాడ్-షఫ్రనోవ్ సమీకరణానికి సరిపోయేలా లోపలి పీడనం, కరెంటు ఎలా ఉన్నాయో లెక్కగట్టాలి. ఈ పనికి చాలా ల్యాబులు వాడే ఫోర్ట్రాన్ కోడ్ ఈఫిట్. లాంగ్ లావ్, ఆయన సహచరులు 1985లో న్యూక్లియర్ ఫ్యూజన్ పత్రికలో దీని పద్ధతిని వివరించారు.

పాత వెర్షన్‌తో నాకు అసలు చికాకు గ్రిడ్ (లెక్క కోసం వేసుకునే గళ్ల వల) దగ్గర. 65×65కి ఒక ప్రోగ్రాం, 129×129కి ఇంకొకటి కంపైల్ చేసి పెట్టుకోవాలి. ఏది ఏ ఫోల్డర్లో ఉందో వెతుక్కోవడమే సగం పని. కొత్త వెర్షన్‌లో గ్రిడ్ సైజు రన్ చేసేటప్పుడే ఇస్తే సరిపోతుంది. బిల్డ్ సీమేక్ అనే టూల్‌తో అయిపోతుంది. ఎంపీఐతో (ఒక పనిని చాలా ప్రాసెసర్లకి పంచే పద్ధతి) ఒక షాట్‌లోని (టోకమాక్‌ని ఒకసారి నడిపిన ప్రయోగం) టైమ్ స్లైసులన్నీ కోర్లకి పంచేస్తాను. వేగం పెరిగిందని అందరూ మెచ్చుకుంటారు కానీ, నాకు ఎక్కువ నచ్చింది ఈ గ్రిడ్ సంగతే.

ఫలితాలు రాసే జీ-ఫైల్ మాత్రం మారలేదు. వరసకి అయిదు సంఖ్యలు, ఒక్కోదానికి పదహారు అక్షరాల చోటు. సంఖ్య రుణాత్మకమైతే మైనస్ గుర్తు ముందు సంఖ్యకి అతుక్కుపోతుంది. ఖాళీల దగ్గర విడగొట్టే పైథాన్ స్క్రిప్టు అక్కడే బోల్తా. అక్షరాలు లెక్కపెట్టి కోసుకోవాల్సిందే. పైగా అందులో ఫ్లక్స్ రేడియన్‌కి ఇంత అని ఉంటుంది. వేరే కోడ్‌కి ఇస్తే 2π గుణకం, ప్లస్-మైనస్‌ల గొడవ తప్పదు. ఇన్‌పుట్‌కి హెచ్‌డీఎఫ్5 అనే ఆధునిక ఫైల్ పద్ధతి వచ్చిందిగా, అవుట్‌పుట్‌లో ఈ పాత చుట్టరికం ఎందుకో! అయితే దీన్ని తీసేస్తే జీ-ఫైల్ చదివి ప్లాస్మా నిలకడని లెక్కగట్టే స్టెబిలిటీ కోడ్‌లు వాడేవాళ్లు ఊరుకోరు, అదీ నిజమే.

కొత్తగా వచ్చేవాళ్లకి ఒక మాట. ఖై-స్క్వేర్ (కొలతలకీ లెక్కకీ ఉన్న తేడాకి కొలమానం) బాగా తగ్గింది కదా అని సంబరపడొద్దు. బయటి అయస్కాంత కొలతలతో అంచు ఆకారం చక్కగా వస్తుంది. మధ్యలో కరెంటు ఎలా ఉందన్నది మాత్రం వాటితో తేలదు. రెండు వేర్వేరు ప్రొఫైళ్లు ఒకే ఖై-స్క్వేర్ ఇచ్చి కూర్చుంటాయి. మోషనల్ స్టార్క్ కొలతలు (లోపలి అయస్కాంత క్షేత్రం దిశని కాంతితో పట్టేవి) లేకుండా అక్షం దగ్గరి క్యూ (క్షేత్ర రేఖలు ఎంత మెలితిరిగాయో చెప్పే సంఖ్య) విలువ మీద పేపర్ రాయడం నాకైతే టెన్షనే. కోడ్ ఎంత ఆధునికమైనా ఈ లోటు తీర్చలేదు.

పాత బిల్డ్ మీద ఉన్నవాళ్లు మారొచ్చు. ముందు మీకు బాగా తెలిసిన షాట్ ఒకటి తీసుకుని, ఒకే కే-ఫైల్‌తో (ఇన్‌పుట్ ఫైల్) రెండింటినీ నడిపి, క్యూ95 (అంచు దగ్గరి క్యూ విలువ), అక్షం స్థానం పోల్చి చూసుకోండి. తేడా కనిపిస్తే కొలతల వెయిట్లు, లెక్క ఎప్పుడు ఆగాలో చెప్పే కన్వర్జెన్స్ పరిమితి రెండిట్లో ఒకటేనా అన్నది మొదట చూడండి.