కార్బన్ ముందు, ఆక్సిజన్ చివర: పన్నెండేళ్ల వాడకం తర్వాత

హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థాల) దహన సమీకరణాలను తుల్యం చేసేటప్పుడు, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సమానం చేసేటప్పుడు, ముందు కార్బన్‌ను, తర్వాత హైడ్రోజన్‌ను, చిట్టచివర ఆక్సిజన్‌ను లెక్కగట్టే పద్ధతిని నేను చదువుకునే రోజుల్లోనే నేర్చుకున్నాను. ఇంటర్ పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాక, పన్నెండేళ్లుగా దాన్ని దాదాపు రోజూ వాడుతున్నాను. సంపూర్ణ దహనం (కార్బనంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారే దహనం) వరకు అది ఒక్కసారి కూడా తప్పు సమాధానం ఇవ్వలేదు. నాకు ఇబ్బంది ఎదురైందల్లా సమీకరణం పూర్తయి, మోల్ (6.022 × 10²³ అణువుల గుంపు) లెక్క మొదలయ్యే చోటనే.

ఈ వరుసకు కారణం తేలికైనదే. క్రియాజన్యాల్లో (చర్యలో ఏర్పడే పదార్థాల్లో) కార్బన్ ఒక్క కార్బన్ డయాక్సైడ్‌లోనే ఉంటుంది, హైడ్రోజన్ ఒక్క నీటిలోనే ఉంటుంది. ఆక్సిజన్ మాత్రం రెండింటిలోనూ ఉంటుంది. పైగా ఎడమవైపు అది విడి మూలకంగా ఉంటుంది కనుక దాని గుణకాన్ని (సమీకరణంలో దాని ముందుండే సంఖ్యను) చివర ఎంత మార్చినా మిగిలిన లెక్క చెదరదు. బ్యూటేన్‌ను (C₄H₁₀) తీసుకుంటే, 4 కార్బన్లకు 4 కార్బన్ డయాక్సైడ్లు, 10 హైడ్రోజన్లకు 5 నీటి అణువులు వస్తాయి. వాటిలోని ఆక్సిజన్ పరమాణువులు 8, 5 కలిపి 13 కనుక ఆక్సిజన్ గుణకం ఆరున్నర అవుతుంది.

ఆ అర దగ్గరే పిల్లలు బెదురుతారు. సమీకరణం మొత్తాన్ని రెట్టింపు చేయబోయి, ఆక్సిజన్‌ను 13గా, కార్బన్ డయాక్సైడ్‌ను 8గా, నీటిని 10గా మార్చి, బ్యూటేన్‌ను మాత్రం ఒకటిగానే వదిలేసిన నోటుపుస్తకాలను లెక్కలేనన్ని దిద్దాను. అందుకే ఇప్పుడు మోల్ లెక్కల్లో భిన్నాన్ని అలాగే ఉంచమంటున్నాను. అర అణువు ఉండదు గాని అర మోల్ ఉంటుంది, అందులో 3.011 × 10²³ అణువులుంటాయి. ఆల్కేన్లలో (మీథేన్, బ్యూటేన్ లాంటి ఏకబంధాల హైడ్రోకార్బన్లలో) కార్బన్ల సంఖ్య బేసి అయితే ఈ చిక్కే రాదు: మీథేన్‌కు 2, ప్రొపేన్‌కు 5, పెంటేన్‌కు 8. సరి సంఖ్య అయితే అర తప్పదు. ఒక్కో కార్బన్ పెరిగినప్పుడల్లా ఆక్సిజన్ ఒకటిన్నర పెరుగుతుందని పిల్లలు తమంతట తాము కనిపెట్టే రోజు నాకు చాలా ఇష్టం.

అసలు తగవు గ్రాముల దగ్గర వస్తుంది. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద వాయువుల ఘనపరిమాణాలు గుణకాల నిష్పత్తిలోనే ఉంటాయి కనుక, 10 మిల్లీలీటర్ల బ్యూటేన్‌కు 65 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అని నేరుగా రాసేయవచ్చు. ఆ అలవాటునే బరువులకూ మోసుకొచ్చి, 2 గ్రాముల బ్యూటేన్‌కు 13 గ్రాముల ఆక్సిజన్ కావాలని ఒక విద్యార్థిని పరీక్షలో రాసింది. నిజానికి 2 మోల్‌ల బ్యూటేన్‌కు, అంటే 116 గ్రాములకు, 13 మోల్‌ల ఆక్సిజన్, అంటే 416 గ్రాములు కావాలి, అంటే 2 గ్రాములకు దాదాపు 7.2 గ్రాములు చాలు. సమీకరణంలో ఏ తప్పూ లేదు, మోలార్ ద్రవ్యరాశితో (ఒక మోల్ బరువుతో) గుణించే ఒక్క మెట్టు మాత్రం జారిపోయింది. నేర్పిన వరుసలో ఆ మెట్టు లేకపోవడం ఈ పద్ధతి లోపమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

దానికి మందుగా వంటింటి సిలిండర్‌ను వాడుతున్నాను. 14.2 కిలోల గ్యాస్‌ను, లెక్క సులువు కోసం, మొత్తం బ్యూటేనే అనుకుని దాని మోలార్ ద్రవ్యరాశి 58తో భాగిస్తే సుమారు 245 మోల్‌లు వస్తాయి. అది కాలడానికి 50.9 కిలోల ఆక్సిజన్ కావాలి, కాలాక 43.1 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీరు వస్తాయి. రెండు వైపులా 65.1 కిలోలు తేలాలి. తేలకపోతే ఎక్కడో రెట్టింపు మరిచిపోయినట్టే. వంటింట్లో ఇరవై రెండు కిలోల నీరు ఎక్కడికి పోతోందని అడగని పిల్లలు తక్కువ.

మోలార్ ఘనపరిమాణం (ఒక మోల్ వాయువు ఆక్రమించే చోటు) గురించి ఒక మాట: 0 డిగ్రీల సెల్సియస్ వద్ద పీడనాన్ని 1 అట్మాస్ఫియర్‌గా తీసుకుంటే అది 22.4 లీటర్లు, 1 బార్‌గా తీసుకుంటే 22.7 లీటర్లు. ప్రశ్నలో ఏది ఉందో చూడకుండా లెక్క మొదలుపెట్టకూడదు.

ఇక అసంపూర్ణ దహనంలో ఈ వరుస చేతులెత్తేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తే కార్బన్ రెండు చోట్ల పంచుకోబడుతుంది కనుక, ఒకే బ్యూటేన్‌కు ఎన్నో సరైన సమీకరణాలు ఉంటాయి: అంతా మోనాక్సైడే అయితే ఆక్సిజన్ నాలుగున్నర మోల్‌లు, సగం సగం అయితే అయిదున్నర. రెండు వాయువుల నిష్పత్తి తెలిస్తేనే లెక్క ముందుకు సాగుతుంది. అందుకే నేనిచ్చే మొదటి అసంపూర్ణ దహన సమస్యలో డయాక్సైడ్, మోనాక్సైడ్‌ల నిష్పత్తి 3:1 అని ముందే చెబుతాను. ఆక్సిజన్ సరిగ్గా 6 మోల్‌లు వస్తుంది, అర అనేది కనపడదు.