పిల్లలు లేని ఓడ వేరు, సందడి లేని ఓడ వేరు

నందికొండ రేవు నుంచి నాగార్జునకొండకు లాంచీలో వెళ్లి వచ్చినవారికి నీటి మీది ప్రయాణంలోని సుఖమూ తెలుసు, ఆ సుఖాన్ని చెడగొట్టేదేమిటో కూడా తెలుసు. మేము చివరిసారి ఎక్కినప్పుడు ఒక బృందం వెంట తెచ్చుకున్న స్పీకరు ద్వీపం చేరేదాకా మోగుతూనే ఉంది. కృష్ణను చూద్దామని బయలుదేరి డీజే పాటలు విని తిరిగి వచ్చాము. ఆ బృందంలో చిన్నపిల్లలు ఒక్కరూ లేరన్న సంగతి మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. అందుకే, నల్లగొండలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత నేనూ నా భార్యా ఒక్కసారైనా సముద్రయానం చేయాలనుకున్నప్పుడు, కొన్ని ఓడల సంస్థలు చెప్పుకునే ‘పెద్దలకు మాత్రమే’ అన్న మాటను నమ్మి డబ్బు కట్టడానికి నాకు మనసొప్పలేదు.

హైదరాబాదులో మేము కలిసిన ట్రావెల్ ఏజెంటు మాత్రం ఆ ఒక్క మాటతోనే పని ముగించాలని చూశాడు. “పిల్లలు ఉండరు సార్, చాలా ప్రశాంతంగా ఉంటుంది” అంటూ మా ముందు పెట్టినది వర్జిన్ వాయేజెస్ వారి ఓడల వివరాలు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఆ ఓడలు ఎక్కించుకోవన్నది నిజమే. అయితే ఒక్కో ఓడలో సుమారు 2,700 మంది ప్రయాణికులు ఉంటారు, ఈతకొలను చుట్టూ ఎర్ర దుస్తులతో రాత్రి నృత్యోత్సవం జరుగుతుంది, పచ్చబొట్టు పొడిచే దుకాణం కూడా ఓడలోనే ఉంటుంది. ఉత్సాహం కోరే వయసువారికి అది చక్కని ఓడే. నా భార్య ఆ కాగితాన్ని చదివి, “ఇది మనకోసం కాదండీ, మన అబ్బాయికోసం” అని పక్కన పెట్టింది.

బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ సంస్థ నడిపే ఆర్కేడియా, అరోరా అనే రెండు ఓడలు కూడా పెద్దలకే పరిమితమైనవి. ఒక్కొక్క దానిలో ప్రయాణికుల సంఖ్య సుమారు రెండు వేలు ఉంటుంది. చాలా యాత్రలు సౌతాంప్టన్ రేవు నుంచి మొదలవుతాయి కనుక భారతీయులు ముందుగా బ్రిటన్ వీసా తీసుకోవాలి, ఓడ ఐరోపా రేవుల్లో ఆగేటట్లయితే షెంజెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి చెల్లే ఒకే వీసా) కూడా చూసుకోవాలి. రెండు వీసాల శ్రమ వద్దనుకుని ఆ ఆలోచన మానుకున్నాము.

చివరికి మేము ఎంచుకున్నది వైకింగ్ సంస్థ. 1997లో నదీ నౌకలతో మొదలైన ఈ సంస్థ 2015లో వైకింగ్ స్టార్ అనే ఓడతో సముద్రంలోకి వచ్చింది. అదే నమూనాలో తరువాత మరికొన్ని ఓడలు కట్టించింది. మేము ప్రయాణించినది వాటిలో ఒకటి. పొడవు 228 మీటర్లు, ప్రయాణికులు 930 మంది, ప్రతి గదికీ బాల్కనీ. పద్దెనిమిదేళ్ల లోపువారికి ప్రవేశం లేకపోవడం కన్నా నన్ను ఆకట్టుకున్నది, ఓడలో జూదశాలే లేకపోవడం. జూదశాల ఉన్నచోట అర్ధరాత్రి దాకా వెలుతురూ యంత్రాల మోతా తప్పవు. అది లేకపోతే భోజనం ముగిశాక జనం తమంతట తామే గదులకు సర్దుకుంటారు. సాయంత్రం వేళ మధ్య హాలులో ఎవరో పియానో వాయిస్తూ ఉండేవారు, చుట్టూ ఉన్న కుర్చీల్లో సగం మంది పుస్తకాలు చదువుకుంటూ కనిపించేవారు. రాత్రి పదిన్నర దాటాక వరండాలో మా చెప్పుల చప్పుడు మాకే వినిపించేది. అటువంటి రాత్రి బోరు కొడుతుందనుకునేవారు ఈ ఓడ జోలికి పోకపోవడం మంచిది, పెద్ద ఓడలతో పోలిస్తే ఛార్జీ కూడా ఎక్కువే.

ఏ ఓడ అన్నది తేల్చుకున్నాక ఏ గది అన్నదాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే ప్రశాంతమైన ఓడలో కూడా సందడి గల గదులు ఉంటాయి. ఈ ఓడల్లో ఏడవ అంతస్తులో ఈతకొలనూ బఫే భోజనశాలా ఉన్నాయి కనుక సరిగ్గా వాటి కింద, ఆరవ అంతస్తులో ఉన్న గదులకు తెల్లవారుజామున కుర్చీలు జరిపే చప్పుడు వినిపించే అవకాశం ఉంది. నాటకశాల రెండవ అంతస్తులో ఉంది కనుక దాని పైనున్న మూడవ అంతస్తూ నేను కోరుకోలేదు. పైనా కిందా గదులే ఉండే అయిదవ అంతస్తులో, ఓడ పొడవుకు సరిగ్గా నడిమి భాగంలో, లిఫ్టుకు నాలుగైదు తలుపుల అవతల గది అడిగి తీసుకున్నాము. నడిమి భాగంలో ఊగుడు తక్కువగా ఉంటుంది. నా భార్యకు బస్సు ఘాటు రోడ్డు ఎక్కితేనే వాంతులవుతాయి, ఆమె అన్ని రోజుల్లో ఒక్క మాత్ర మాత్రమే వేసుకుంది.

మేము తీసుకున్న యాత్ర స్టాక్‌హోమ్‌లో మొదలై బాల్టిక్ తీరం మీదుగా నార్వేలోని బెర్గెన్‌లో ముగిసింది. మధ్యలో ఆగిన ఎస్తోనియా, పోలండ్, జర్మనీ, డెన్మార్క్ దేశాలన్నీ షెంజెన్ పరిధిలోనివే కావడం వల్ల ఒక్క వీసాతో పని జరిగిపోయింది. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది నియమం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా చూపించాలి. లండన్‌లో ముగిసే యాత్రను ఎంచుకుని ఉంటే బ్రిటన్ వీసా అదనంగా కావలసి వచ్చేది.

భోజనం గురించి శాకాహారులు భయపడవలసిన పని లేదు కానీ ముందే రాయించుకోవాలి. మాకు రోజూ ఏదో ఒక పప్పు, అన్నం, కూరగాయలు దొరికాయి. కారం మాత్రం మన కారం కాదు. నా భార్య సీసాలో తెచ్చిన కందిపొడిని మూడవ రోజే బల్ల మీదికి తీసింది, పక్క బల్లలోని కెనడా దంపతులు రుచి చూసి ఇంకొంచెం అడిగారు. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్ వంటివి నిప్పు ప్రమాదం కారణంగా ఓడల్లోకి సాధారణంగా రానివ్వరు, కనుక వాటిని ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

ప్రతి రేవులోనూ ఊరు చూపించే సందర్శన ఒకటి ఛార్జీలోనే కలిసి ఉంటుంది. ఎస్తోనియా రాజధాని తాలిన్‌లోని పాత పట్టణాన్ని మేము అలాగే చూశాము. నార్వేలోని గైరాంగర్‌లో మాత్రం కావాలని దిగలేదు. అందరూ బస్సులెక్కి వెళ్లిపోయాక ఓడ దాదాపు ఖాళీ అయింది. వేసవి కనుక దుప్పటి కప్పుకుని బాల్కనీలో కూర్చోగలిగాము. ఎదుటి కొండ మీది నుంచి సన్నటి జలధార ఒకటి జారుతోంది. కాస్త చెవి పెడితే దాని చప్పుడు నీళ్ల మీదుగా వినిపించింది. సాగర్ లాంచీలో మేము వినాలనుకుని వినలేకపోయినది అదే. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా మేమిద్దరమూ పది మాటలకన్నా ఎక్కువ మాట్లాడుకోలేదు, చివరికి టీ తెచ్చేదెవరన్న దాని మీద తప్ప.