టెస్ట్ ఆటోమేషన్ ఫ్రేమ్‌వర్క్ బయటవాళ్లతో సెటప్ చేయించుకుంటున్నారా? చివరి విడత కట్టేముందు ఒక్క టెస్టైనా ఎర్రగా పడుతుందో (ఫెయిల్ అవుతుందో) లేదో చూసుకోండి

మాది విజయవాడలో చిన్న టీమ్ అండీ, అయిదుగురం. మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ప్రతి రిలీజ్‌కీ రాత్రంతా కూర్చుని చేత్తో టెస్ట్ చేయలేకపోతున్నామని 2025 మే నెలలో ఒక బయటి టీమ్‌కి ఆటోమేషన్ సెటప్ (మనిషి బదులు ప్రోగ్రామే టెస్ట్ చేసే ఏర్పాటు) అప్పజెప్పాం. సెలీనియం (బ్రౌజర్‌ని నడిపేది), టెస్ట్‌ఎన్‌జీ (టెస్టులు రాసి నడిపేది), మావెన్ (కోడ్‌ని బిల్డ్ చేసేది), జెంకిన్స్ (బిల్డూ టెస్టులూ దానంతటదే నడిపించేది), 126 టెస్ట్ కేసులు, మొత్తం 85 వేలు, సగం అడ్వాన్స్, మిగతా సగం డెలివరీ రోజున. వాళ్ల పేరు రాయట్లేదు, ఈ పద్ధతిలో పని చేసిచ్చేవాళ్లు ఇంకా ఉన్నారని తర్వాత వేరేవాళ్ల దగ్గర కూడా విన్నాను, కాబట్టి పేరు కన్నా ఏం చూసుకోవాలో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

డెమో రోజు చాలా బాగా చూపించారు. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ దానంతట అదే తెరుచుకుని లాగిన్ అవుతోంది, బిల్లు వేస్తోంది, ప్రింట్ దాకా వెళ్తోంది, చివర్లో రిపోర్ట్‌లో గుండ్రటి బొమ్మ మొత్తం పచ్చగా, 126 కి 126 పాస్. అప్పటికప్పుడు మిగతా డబ్బులు వేసేశాం. నేను చేసిన తప్పు అదే.

2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ మారింది కదా, 12 శాతంలో ఉన్నవి చాలావరకు 5 కి వచ్చాయి. ఆ వారం మేం నిద్ర మానేసి రేట్లు మార్చాం, జెంకిన్స్‌లో రన్ కొట్టాం, అంతా పచ్చ. హమ్మయ్య అనుకుని రిలీజ్ చేసేశాం. ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి, పాత టెస్టులన్నీ టాక్స్ 12 రావాలని రాసి ఉన్నాయి, మేం కోడ్‌లో 5 చేశాం, అంటే ఆ రోజు బిల్లు టెస్టులు వరసపెట్టి ఎర్రబడాలి. ఒక్కటంటే ఒక్కటి పడలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది, హడావిడిలో రాలేదు.

అక్టోబర్‌లో తెనాలి నుంచి ఒక షాపు ఓనర్ గారు ఫోన్ చేశారు. "బాబూ, ఆగస్టులో అమ్మిన మందు కస్టమర్ వాపసు ఇస్తే మీ బిల్లు 5 శాతం చూపిస్తోంది, మా ఆడిటర్ గారు ఒప్పుకోవట్లేదు" అన్నారు. చూస్తే నిజమే. 112 రూపాయలకి అమ్మిన స్ట్రిప్, అందులో అసలు ధర 100, టాక్స్ 12. వాపసులో కూడా అదే రావాలి. మా సాఫ్ట్‌వేర్ కొత్త రేటుతో వెనక్కి లెక్కేసి 106.67, 5.33 అని విడగొడుతోంది. మొత్తం 112 సరిపోతోంది కాబట్టి కౌంటర్‌లో ఎవరికీ కనపడదు, నెలాఖరు రిపోర్ట్‌లో తేలుతుంది. ఎన్ని షాపులకి ఎన్ని రిటర్న్ బిల్లులు సరిచేసి ఇచ్చామో చెప్పలేను, ఆ పెద్దాయన మాత్రం ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు, అది ఇంకా బాధ.

రిటర్న్ బిల్లుకి టెస్ట్ ఉంది కదా ఎందుకు పట్టుకోలేదని మా టెస్టర్ అమ్మాయి ఆ ఫైల్ తెరిచింది. "అన్నా, ఇటు రండి, దీంట్లో చివర అసర్ట్‌ఆల్ లేదు" అంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, టెస్ట్‌ఎన్‌జీలో సాఫ్ట్‌అసర్ట్ అని ఒకటుంటుంది, తేడా కనపడగానే ఆగకుండా అన్నీ పోగేసుకుంటూ పోతుంది, చివర్లో అసర్ట్‌ఆల్ అని పిలిస్తేనే ఆ పోగేసిన తేడాలు బయటపెట్టి టెస్ట్‌ని ఫెయిల్ చేస్తుంది. ఆ ఒక్క లైన్ రాయకపోతే 12 కి బదులు 500 వచ్చినా పాసే. ఫైళ్లన్నిట్లో వెతికాం, ఎక్కడా లేదు. మిగతా టెస్టుల్లో అయితే మొత్తం ట్రై క్యాచ్‌లో (ఎర్రర్‌ని పట్టుకుని టెస్ట్ ఆగకుండా చూసే కోడ్‌లో) పెట్టి, ఎర్రర్ వస్తే ప్రింట్ చేసి వదిలేశారు, అది కూడా పాసే.

అక్కడితో అయిపోలేదు. మావెన్ సెట్టింగులుండే పామ్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో టెస్ట్‌ఫెయిల్యూర్‌ఇగ్నోర్ అన్నది ట్రూ చేసి ఉంది. అంటే ఎక్కడైనా టెస్ట్ నిజంగా పడినా మావెన్ పట్టించుకోదు, బిల్డ్ సక్సెస్ అనే చెప్తుంది, జెంకిన్స్ పచ్చ బొమ్మే వేస్తుంది. జులైలో ఒకసారి క్రోమ్ అప్‌డేట్ అయి, వీళ్లు ప్రాజెక్ట్‌లో పెట్టిన పాత క్రోమ్‌డ్రైవర్‌తో (సెలీనియం క్రోమ్‌ని నడపడానికి వాడే ఫైల్) కుదరక మా ల్యాప్‌టాప్‌లలో బ్రౌజరే తెరుచుకోలేదు. ఆ వారం జెంకిన్స్ లాగ్ వెనక్కి వెళ్లి చూశాం, మూడు రోజులు ఒక్క పేజీ కూడా ఓపెన్ కాలేదు, మూడు రోజులూ పచ్చే.

ఆ డ్రైవర్ మార్చడానికి ఏడాదికి మెయింటెనెన్స్ అని 18 వేలు అడిగారు, కట్టాం కూడా. సెలీనియం 4.6 నుంచి సెలీనియం మేనేజర్ దాంట్లోనే వస్తోంది, మెషీన్‌లో ఉన్న క్రోమ్‌కి సరిపడే డ్రైవర్ అదే తెచ్చుకుంటుంది, ఫైల్ చేత్తో పెట్టక్కర్లేదు. క్రోమ్ కొత్త వెర్షన్ కొన్ని వారాలకోసారి వస్తూనే ఉంటుంది, మరి డ్రైవర్ ఫైల్ లోపల పెట్టిచ్చినవాళ్లకి ప్రతిసారీ మీరు ఫోన్ చేయాల్సిందే. కొటేషన్‌లో టూల్ లైసెన్స్ అని 15 వేలు వేరే ఉంది, దేనికని నేను అడగలేదు. సెలీనియం, టెస్ట్‌ఎన్‌జీ, మావెన్, జెంకిన్స్ నాలుగూ ఓపెన్ సోర్స్, వాటికి లైసెన్స్ డబ్బులు లేవు. సెలీనియం లాంటిదే ఇంకో టూల్, ప్లేరైట్ కూడా అంతే. సెటప్ చేసినందుకు కూలి అడగడం న్యాయం, ఫ్రీగా దొరికేదానికి లైసెన్స్ రాయడం న్యాయం కాదు.

ఇక 126 సంగతి. జెంకిన్స్ లాగ్ చివర్లో టెస్ట్స్ రన్ అని 71 ఉంది. డెమోలో ఎక్లిప్స్ (కోడ్ రాసుకునే ప్రోగ్రామ్) నుంచి టెస్ట్‌ఎన్‌జీ ఎక్స్‌ఎంఎల్ అనే టెస్టుల జాబితా ఫైల్‌తో నడిపారు, అందులో అన్నీ ఉన్నాయి. మావెన్‌కి ఆ ఫైల్ తగిలించనే లేదు. అలాంటప్పుడు అది క్లాసు (టెస్ట్ కోడ్ ఉండే ఫైల్) పేరు చూసి ఏరుకుంటుంది, పేరు మొదట్లో టెస్ట్ అనో చివర్లో టెస్ట్, టెస్ట్స్, టెస్ట్‌కేస్ అనో ఉండాలి. వీళ్లేమో సగం క్లాసులకి చెక్ అని పేరు పెట్టారు, అవి ఒక్క రోజు కూడా నడవలేదు.

వాళ్లని అడిగితే "డెలివరీ అయిపోయింది కదా సార్, మీరే ఓకే చేశారు" అన్నారు. రాతలో మాకేమీ లేదు, వదిలేయాల్సొచ్చింది.

కాబట్టి ఎవరితోనైనా చేయించుకునేటప్పుడు, డబ్బులు చేతిలో ఉండగానే మీ కోడ్‌లో మీరే ఒక తప్పు పెట్టండి, టాక్స్ 5 ఉన్నచోట 6 చేయండి, లాగిన్‌లో తప్పు పాస్‌వర్డ్ ఇప్పించండి, వాళ్ల ఎదురుగానే జెంకిన్స్‌లో రన్ కొట్టించండి. ఎర్రబడకపోతే పైసా ఇవ్వకండి. వాళ్ల ల్యాప్‌టాప్‌లో డెమో చూడకండి, కోడ్ దాచుకునే గిట్ నుంచి కొత్తగా దించుకుని మీ మెషీన్‌లో నడిపించండి, లాగ్‌లో వచ్చిన అంకె వాళ్లిచ్చిన టెస్ట్ కేసుల ఎక్సెల్‌లో ఉన్న అంకెతో సరిపోవాలి. థ్రెడ్ స్లీప్ (కాసేపు ఊరికే ఆగమని చెప్పే లైన్) ఎన్నిచోట్ల ఉందో వెతకండి, మాదాంట్లో 300 పైనే, అందుకే రన్ గంటన్నర పట్టేది. ఎర్రబడ్డం చూపించాకే చివరి విడత అని అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

మేం ఇప్పుడు సొంతంగా సరిచేసుకుంటున్నాం. అసర్ట్‌ఆల్ పెట్టి, ఆ ఇగ్నోర్ తీసేసి నడిపిన మొదటి రోజే 71 లో 23 పడ్డాయి, అందులో నాలుగు మా సాఫ్ట్‌వేర్‌లో నిజంగా ఉన్న తప్పులే, ఒకటైతే ఎక్స్‌పైరీ అయిన బ్యాచ్‌ని కూడా బిల్లు చేయనిస్తోంది. అది మందుల షాపు అండీ, ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, రాయడం మర్చిపోయేవాడిని. కాన్ఫిగ్ ఫైల్‌లో మా డేటాబేస్ పాస్‌వర్డ్ అలాగే రాసి గిట్‌లో పెట్టారు. ఫైల్‌లోంచి చెరిపేస్తే సరిపోదు, పాత కమిట్లలో (గిట్ దాచుకునే పాత వెర్షన్లలో) అది ఉండిపోతుంది. పని అయిపోయిన రోజే పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయండి, రిపోలో (గిట్‌లో మీ కోడ్ ఉండే చోట) వాళ్ల యాక్సెస్ కూడా తీసేయండి. మేం అయిదు నెలలకి మార్చాం.